అడిగింది ఒక స్టూలే
వైకల్యం ఉన్న పిల్లలు ఆసుపత్రి డ్యూటీ తట్టుకోలేరు, ఆఫీసు ఉద్యోగం చూసుకుంటే మేలు అని ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఒప్పుకోను. మా చెల్లెలి కూతురికి పుట్టుకతోనే ఎడమకాలు పొట్టి. ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్‌. చేరినప్పుడు అడిగింది ఒక ఎత్తు స్టూలు, అదీ మూడు నెలలు తిరిగితే గానీ ఇవ్వలేదు! దాని మీద కూర్చునే రక్తం తీస్తుంది. నరం ఓ పట్టాన దొరకని ముసలాళ్లయితే ‘ఆ పాపనే పిలవండి’ అంటారు. 40 శాతం వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ఎంబీబీఎస్ సీటు కాదనకూడదని, ఆ కోర్సు చదవగలరా లేదా అన్నది వైకల్యాన్ని అంచనా వేసే బోర్డు పరిశీలించాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టే చెప్పింది కదా. ఎంబీబీఎస్‌లో చేరాలంటే రెండు చేతులూ సవ్యంగా ఉండాలన్న నిబంధననూ 2025లో తప్పుపట్టింది. మా పిల్లకి టెన్షన్ అంతా డ్యూటీతో కాదు, లిఫ్టు పాడైన రోజు మెట్లతోనే.