కన్ను పెట్టి చూడకుండా కెమెరా ఎలా కొనాలి?

నిన్న చెన్నై రిచీ స్ట్రీట్‌లో నాలుగు కొట్లు ఎక్కి దిగాను. అడిగింది ఒక్కటే: మైలాపూర్ అరుపత్తి మూవర్ (అరవై ముగ్గురు శివభక్తుల) ఊరేగింపు తీయాలి, చిన్న డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) సరిపోతుందా, పెద్ద మిర్రర్‌లెస్ (అద్దం లేనిది) కావాలా? ఒక్కరైనా సూటిగా చెబితేగా!

"డీఎస్ఎల్ఆర్ పనైపోయింది సార్" అంటాడొకడు. మరి అల్మరా నిండా అవే ఎందుకున్నాయి? కెనాన్, నికాన్ 2018లో మిర్రర్‌లెస్ కోసం కొత్త మౌంట్లు (లెన్సు తగిలించే అమరికలు) తెచ్చాయి, కొత్త లెన్సులు వాటికే వస్తున్నాయి. ఆ కారణం చెప్పు, వింటాను!

నా దగ్గర పాత నికాన్ ఏఎఫ్-డి లెన్సుంది, దానిలో ఫోకస్ మోటారు ఉండదు, కెమెరా బాడీలోని మోటారే తిప్పాలి. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో (పాత లెన్సును కొత్త బాడీకి కలిపే ముక్కతో) మిర్రర్‌లెస్‌కు తగులుతుంది, ఆటోఫోకస్ మాత్రం రాదు. డీ3500 లాంటి చిన్న డీఎస్ఎల్ఆర్‌లోనూ అంతే, దాని బాడీలోనూ ఆ మోటారు లేదు. ఇంత ముఖ్యమైన మాట నేనే తవ్వి తీయాలా? పైగా మిర్రర్‌లెస్‌లో తెర ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. రెండో బ్యాటరీ ఖర్చు బిల్లు దగ్గరే గుర్తొస్తుంది వీళ్లకి.

అన్నిటికన్నా మండేది ఇది: డబ్బా విప్పితే కొనాల్సిందేనట! ఎనభై వేలు పోసేవాడు వ్యూఫైండర్‌లో ఒక్కసారి చూడకూడదా? చేతిలో పట్టుకుని బరువు తెలుసుకోకూడదా?