ఫస్ట్ ట్రిప్‌ను ఎత్తుకుపోతున్నది మంచు కాదు

నవంబరు వచ్చిందంటే రెండు ఆర్టీసీలకూ సీజన్ మొదలైనట్టే. కార్తీకంలో పంచారామాలు, పౌర్ణమికి అరుణాచలం, మాలధారులకు శబరిమల బస్సులు, జనవరిలో సంక్రాంతి స్పెషళ్లు, రెండేళ్లకోసారి మేడారం. ఏ డిపో నుంచి ఎన్ని బస్సులు, టికెట్ ఎంత, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్న ప్రకటనలు ఆ నాలుగు నెలలూ జిల్లా పేజీల్లో కనిపిస్తూనే ఉంటాయి. అదే పేజీ కింద మూలన ఇంకో వార్త ఉంటుంది: ఫలానా ఊరికి పొద్దుటి బస్సు రాలేదు, విద్యార్థులు రోడ్డెక్కారు. ఈ రెండూ వేర్వేరు వార్తలు కావని నా వాదన.

డిపోలో అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. మంచు పడుతోంది, రిస్క్ తీసుకోలేం. మంచు ప్రమాదాన్ని నేనేమీ తక్కువ చేయడం లేదు. ఖరీఫ్ కోతలయ్యాక ఊరి రోడ్డు సగం వడ్ల కల్లమే. కుప్ప చుట్టూ రాళ్లు, పైన టార్పాలిన్. చెరకు, పత్తి ట్రాక్టర్లలో చాలావాటికి వెనక లైటు ఉండదు, కనీసం రేడియం స్టిక్కరైనా ఉండదు. పల్లెవెలుగు ముందద్దానికి లోపల పట్టే ఆవిరిని డ్రైవర్ గుడ్డతో తుడుచుకుంటూనే స్టీరింగ్ తిప్పాలి. పాడేరు ఘాట్‌లో 2023 ఆగస్టులో, మంచు లేని నెలలోనే, ఆర్టీసీ బస్సు లోయలోకి జారి ఇద్దరు చనిపోయారు. అవే మలుపుల్లో డిసెంబరు తెల్లవారుజామున ఎదుటి బండి కనపడకుండా నడపమని ఎవరూ చెప్పరు.

కానీ మంచు పొద్దెక్కితే విడిపోతుంది. ఆరింటి బస్సు ఏడున్నరకు వస్తే మంచు వల్ల అనుకోవచ్చు. అసలు రాకపోతే, అదీ వారంలో ఒక ఫలానా రోజే రాకపోతే, దాన్ని వాతావరణం ఖాతాలో రాయడం కుదరదు.

కార్తీక సోమవారం సంగతే చూడండి. పంచారామాల బస్సు సాధారణంగా ఆదివారం సాయంత్రం బయల్దేరుతుంది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒకే రోజులో దర్శనం చేయించి సోమవారం రాత్రికి గానీ తిరుగు ముఖం పట్టదు. అంత దూరం తిరిగొచ్చిన డ్రైవర్‌ను మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఎక్కించలేరు, ఎక్కించకూడదు కూడా. అంటే ఒక్కో స్పెషల్‌కు బండి ఒక రోజు, డ్రైవర్ రెండు రోజులు డిపో లెక్కలోంచి పోతాయి. సోమవారమేమో పల్లెకు బస్సు అన్నిటికన్నా అవసరమైన రోజు. శని ఆదివారాలకు ఇంటికొచ్చిన హాస్టల్ పిల్లలు తిరిగి వెళ్లాలి. ఆస్పత్రిలో ఓపీ కిటకిటలాడేది ఆ రోజే. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేదీ ఆ రోజే, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. మా ఊరికి బస్సు రావడం లేదు సార్ అని అర్జీ ఇవ్వడానికి పోవాలన్నా ఆటోనే దిక్కు.

స్పెషల్‌కు వెళ్లేది సూపర్ లగ్జరీ, మీ ఊరికొచ్చేది పల్లెవెలుగు, ఈ రెంటికీ సంబంధం ఏముందని ఆర్టీసీ వాళ్లు అడగొచ్చు. సంబంధం మెట్లుమెట్లుగా ఉంటుంది. సూపర్ లగ్జరీ క్షేత్రాలకు పోతే హైదరాబాద్ సర్వీసుకు డీలక్స్ పెడతారు. డీలక్స్ తిరిగే జిల్లా రూటుకు ఎక్స్‌ప్రెస్ వస్తుంది. ఎక్స్‌ప్రెస్ రూటుకు పల్లెవెలుగును లాగుతారు. పల్లెవెలుగు కింద ఇంకో మెట్టు లేదు. ఆ చివరి ఖాళీని ఊరు భరిస్తుంది. బండ్లు ఎలాగోలా సర్దినా డ్రైవర్లు అందరికీ ఒకటే గుంపు. లగ్జరీకి వేరే డ్రైవరు, పల్లెవెలుగుకు వేరే డ్రైవరు అంటూ డిపోలో ఉండరు. మేడారానికైతే ఈ మెట్ల బాధ కూడా లేదు, పల్లెవెలుగులే నేరుగా వెళ్తాయి. 2024 జాతరకు టీఎస్ఆర్టీసీ (ఇప్పటి టీజీఎస్ఆర్టీసీ) 6 వేల ప్రత్యేక బస్సులు ప్రకటించింది. అవేవీ జాతర కోసం కొత్తగా కొన్న బస్సులు కావు కదా.

ఆర్టీసీ వైపు వాదన కూడా చెప్పాలి. పల్లె రూట్లలో ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి, డీజిల్‌కు కూడా చాలదు. స్పెషళ్లలో నాలుగు డబ్బులు వస్తేనే ఆ పల్లెవెలుగులు నడుస్తున్నాయి. రద్దు చేసింది ఒక ట్రిప్పే, దాని వల్ల మిగతా ఏడాదంతా బస్సు బతుకుతోంది అంటారు. ఇందులో నిజం ఉంది. కొత్త బస్సులు ఇవ్వకుండా, ఖాళీ అయిన డ్రైవర్ పోస్టులు నింపకుండా ప్రభుత్వాలే ఈ పరిస్థితి తెచ్చాయన్నదీ నిజమే. డిపో మేనేజర్‌ను దొంగను చేసి చూపడం నా ఉద్దేశం కాదు. అతన్ని పై అధికారులు నెలనెలా అడిగేది రాబడి, ఓఆర్ (సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క), డీజిల్ పొదుపు. ఫలానా ఊరికి పొద్దున బస్సు వెళ్లిందా అని గట్టిగా అడిగేవారు లేరు. అడగనిదాన్ని అతనెందుకు కాపాడతాడు?

పోనీ, అన్ని స్పెషళ్లనూ ఒకే గాటన కట్టను. సంక్రాంతికి పల్లెవెలుగు తీసి హైదరాబాద్ పంపితే నాకు అభ్యంతరం లేదు. బడులకు సెలవులు, ఊరే ఊరికి వస్తోంది, ఆ బస్సు ఎక్కి వచ్చేది ఆ ఊరి పిల్లలే. కార్తీకం, శబరిమల రోజులు అలాంటివి కావు. అవి పని రోజులు, చదువు రోజులు. ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్ పెట్టుకుని జనవరి చివర మేడారానికి బండ్లన్నీ తీసుకుపోతే, కాలేజీ ఉన్న మండల కేంద్రానికి ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఆడపిల్ల ఆ వారం ఏం చేయాలి? మేడారం జాతరకు బస్సులు వద్దనడం లేదు. నాలుగు రోజుల జాతర తేదీలు నెలల ముందే తెలుస్తాయి. కాలేజీ ట్రిప్పులు వేరు చేసి పెట్టుకోవడానికి అంత గడువు చాలదా?

ప్రత్యేక బస్సుల్లో మామూలు టికెట్‌కు ఒకటిన్నర రెట్ల వరకు వసూలు చేయడానికి 2003 నాటి జీవో 16 ఉంది. ఒకవైపు నిండుగా వెళ్లి రెండోవైపు ఖాళీగా వస్తుంది కాబట్టి ఆ డీజిల్ ఖర్చు కోసం అని దానికి కారణం. టీజీఎస్ఆర్టీసీ ప్రతి పండక్కీ ఆ జీవో పేరే చెబుతుంది. న్యాయమే అనుకుందాం. ఖాళీగా తిరిగొచ్చే బండి నష్టానికి ఇరవై ఏళ్ల కిందటే సూత్రం రాసుకున్న వ్యవస్థ, రాని బండి కోసం స్టేజీ దగ్గర నిలబడ్డవాళ్ల నష్టానికి ఇప్పటికీ ఏ సూత్రమూ రాయలేదు. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో మహాలక్ష్మి పేరుతో 2023 డిసెంబరు 9న వచ్చింది, ఆంధ్రలో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న వచ్చింది. రెండూ మంచి పథకాలే, నేను మొదటి నుంచీ సమర్థించినవే. అయితే జీరో టికెట్ కొట్టాలంటే ముందు బస్సు రావాలి. బస్సు రాని రోజున ఆ మహిళ షేర్ ఆటోకు ఇచ్చే నలభై యాభై రూపాయలు ఏ పథకం లెక్కలోకీ రావు.

ఇక అసలు మాట. చలికాలానికి మందు నైట్ హాల్ట్ బస్సు. రాత్రి చివరి ట్రిప్పు వెళ్లి ఊళ్లోనే ఆగి, పొద్దున ఫస్ట్ ట్రిప్పుగా బయల్దేరే బస్సు. ఒకప్పుడు మారుమూల ఊరికి అదే గడియారం, అదే అంబులెన్స్. డబ్బులు రావడం లేదని, డ్రైవర్లు చాలడం లేదని ఏళ్ల తరబడి ఒక్కొక్కటే తీసేశారు. కరోనా వేళ ఆపినవాటిలో కొన్ని తిరిగి రానేలేదు. దీని వల్ల చలికాలంలో ఏం జరుగుతుందో ఒక్క లెక్క వేసి చూడండి. ఊరు డిపోకు నలభై కిలోమీటర్లు అనుకుందాం. బస్సు ఊళ్లోనే ఉంటే ఆరుంపావుకో ఆరున్నరకో, కాస్త వెలుగు చూసుకుని బయల్దేరుతుంది. డిపోలో ఉంటే ఆ వేళకు ఊరు చేరడానికి ఐదింటికే బయల్దేరాలి. మంచు అన్నిటికన్నా దట్టంగా ఉండేది సూర్యోదయానికి ముందు, దాని చుట్టుపక్కల గంట. అంటే నైట్ హాల్ట్ తీసేసి మనం చేసిందేమిటంటే, అంతకుముందు ఊళ్లో నిలిచి ఉన్న బండిని సరిగ్గా ఆ గంటలోనే నలభై కిలోమీటర్లు ఖాళీగా నడిపించడం. దాంట్లో రిస్క్ ఉందని ఇప్పుడు ట్రిప్పే తీసేస్తున్నారు. రిస్క్‌ను తయారు చేసింది టైంటేబులే.

నైట్ హాల్ట్ అంటే సిబ్బందికి భయం ఉంది, అది అర్థం చేసుకోదగ్గదే. జనవరిలో సీట్ల మీద దుప్పటి కప్పుకుని పడుకోమంటే, పొద్దున చెరువు గట్టుకు పొమ్మంటే ఎవరు వస్తారు? మహిళా కండక్టర్లను అసలే పంపలేరు. దీనికి కావాల్సింది తాళం పడే గది, బాత్రూం, వేడినీళ్లు. ప్రతి ఊళ్లోనూ సచివాలయం, రైతు వేదిక, అంగన్‌వాడీ అంటూ ఏదో ఒక ప్రభుత్వ భవనం రాత్రిళ్లు ఖాళీగానే ఉంటుంది. ఒక గది ఇప్పించడం పంచాయతీకి పెద్ద పని కాదు. కానీ ఆర్టీసీ పంచాయతీని అడగదు, పంచాయతీకి ఆర్టీసీతో మాట్లాడే హోదా లేదు.

ఇంకో చిన్న విషయం, డ్రైవర్లతో మాట్లాడితేనే తెలిసేది. డ్రైవర్ పనితనాన్ని లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్న దాన్ని బట్టి కొలుస్తారు, వాళ్ల మాటల్లో కేఎంపీఎల్. చలికి బ్యాటరీ దిగి సెల్ఫ్ అందుకోదు, తోయాల్సిందే. స్టార్టయ్యాక బ్రేకులకు గాలి నిండే దాకా ఇంజన్ ఆడుతూ ఉండాలి. మంచులో సెకండ్ గేర్, థర్డ్ గేర్ దాటి పోలేడు. ఇవన్నీ డీజిల్ తాగేవే. వేసవి కొలమానంతోనే జనవరిలోనూ మార్కులు వేస్తే, జాగ్రత్తగా నడిపినవాడే వెనకబడతాడు. మంచు రోజుల్లో ఘాట్, ఏజెన్సీ రూట్లకు కేఎంపీఎల్ లెక్క పక్కన పెట్టడానికి ఒక సర్క్యులర్ చాలు.

ఏజెన్సీ అనేసరికి లంబసింగి గుర్తొస్తుంది. చలికాలం వారాంతాల్లో ఆ రోడ్డు మీద, వంజంగి కొండ కింద తెల్లవారకముందే కార్ల బారు. మబ్బుల సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లకు పార్కింగ్, టెంట్లు, టీకొట్లు అన్నీ ఏర్పడ్డాయి. అదే కాలంలో అక్కడి గిరిజనులకు కాఫీ పళ్ల కోత, రాజ్‌మా కోత, వారపు సంతలు. మూట నెత్తిన పెట్టుకుని సంతకు పోవాల్సిన మనిషి జీపు టాప్ మీద కూర్చుని వెళ్తున్నాడు. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది, పాడేరు జిల్లా కేంద్రమైంది. జిల్లా కేంద్రానికి పొద్దున చేరి సాయంత్రానికి ఇల్లు చేరే బస్సు ఎన్ని గూడేలకు ఉందో చెప్పే ఒక పట్టికను జిల్లా యంత్రాంగం ప్రతి శీతాకాలానికి ముందు ప్రకటించాలని ఎందుకు అనుకోదు? పర్యాటకుల కోసం ట్రాఫిక్ మళ్లింపులు మాత్రం ప్రకటిస్తారు.

నా అసలు కోపం ఇక్కడే ఉంది. చలి ముదిరిన ఏళ్లలో ఆదిలాబాద్‌లో కలెక్టర్ బడి వేళలు మార్చిన సందర్భాలున్నాయి. బడి వేళ మారితే బస్సు వేళ మారాలి. కానీ బడి జిల్లా చేతిలో, బస్సు హైదరాబాద్‌లోని ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్ చేతిలో. అటు ఆంధ్రలో విజయవాడ ఆర్టీసీ హౌస్ చేతిలో. ఇద్దరూ ఒక కాగితం మీదికి రావాలన్న నియమం లేదు. 1950 నాటి రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం 18వ సెక్షన్ సమర్థమైన, సరిపడినంత, పొదుపైన, సమన్వయం ఉన్న రవాణా కల్పించడం కార్పొరేషన్ బాధ్యత అంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాలతో నడవమంది. ఏడు దశాబ్దాలుగా మనవాళ్లు 22నే చదువుతున్నారు. ఆంధ్రలో 2020 జనవరి 1 నుంచి సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, జీతాలు ఖజానా నుంచి వస్తున్నాయి. అయినా డిపోలో బోర్డు మీద రాసే అంకె ఈపీకేనే.

బస్సు తాగునీటిలాంటి స్థానిక సేవ. దాని వేళల మీద మండలానికి మాట ఉండాలి. సలహా మండళ్లకు ఆ 1950 చట్టంలోనే చోటుంది. డిపోను మండలానికి అప్పగించమని అనను, బండ్లు నడపడం వాళ్లకు తెలియదు. ఫస్ట్ ట్రిప్, లాస్ట్ ట్రిప్ ఎప్పుడుండాలో, ఏ ఊరికి నైట్ హాల్ట్ కావాలో మాత్రం వాళ్లకే తెలుసు. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఆ ట్రిప్పుల జాబితాకు తాళం వేయాలి. సెలవు రోజుల్లో తప్ప ఆ షెడ్యూళ్ల బండినీ, డ్రైవర్‌నూ ఏ స్పెషల్‌కూ తీయకూడదు. తీయక తప్పకపోతే డిపో మేనేజర్ కారణం రాసి ముందు రోజే పంచాయతీకి తెలపాలి. ఇందుకు కొత్త బస్సు ఒక్కటీ అక్కర్లేదు.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు కూడా. మండల సమావేశంలోనో గ్రామసభలోనో ఒక ప్రశ్న వేయండి: పోయిన కార్తీకం సోమవారాల్లో మన మండలంలో రద్దయిన ట్రిప్పులు ఏవి, ఆ రోజు ఆ బండ్లు, ఆ డ్రైవర్లు ఎక్కడున్నారు? వివరాలు డిపో రికార్డుల్లోనే ఉంటాయి. ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పక్కనే ఆ వారం జిల్లా పేజీలో వచ్చిన పంచారామాల ప్రకటన కత్తిరించి జతచేయండి.