ఈస్టుతో ముప్పై అయిదేళ్లు

తిరుపతిలో బైపీసీ చదివే ఏ పిల్లనడిగినా మైటోకాండ్రియా కణ శక్త్యాగారమని ఠక్కున చెబుతుంది. ఆ శక్త్యాగారాన్ని కట్టేదెవరంటే మాత్రం తరగతిలో చప్పుడుండదు. తప్పు పిల్లలది కాదు, పాఠంలో ఆ ప్రశ్నే లేదు. ఆస్ట్రియాలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త గాట్‌ఫ్రీడ్ షాట్జ్ పరిశోధన జీవితమంతా దాదాపు ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. ఎస్వీ యూనివర్సిటీ, ఏర్పేడులో ఐసర్ అనే సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఉన్న మన ప్రాంతంలో పరిశోధన వైపు చూసే విద్యార్థికి ఆయన నడిచిన దారి తెలియాలి.

1964లో వియన్నాలో ఆయన, సహచరులు రొట్టె పిండిని పొంగించే ఈస్ట్ మైటోకాండ్రియాలో డీఎన్ఏ ఉందని రసాయనికంగా చూపారు. సొంత డీఎన్ఏ ఉంటే తనను తానే కట్టుకుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ లెక్క కుదరదు. మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏ పొడవు 16,569 బేస్ జతలు, అంటే జన్యు అక్షరాల జతలు. దాన్నుంచి వచ్చే ప్రోటీన్లు 13. కావలసినవేమో వెయ్యికి పైనే. మిగతావన్నీ కేంద్రక జన్యువుల ఆదేశంతో బయట కణద్రవ్యంలో తయారై లోపలికి చేరాలి. కణం మైటోకాండ్రియాను శూన్యంలోంచి పుట్టించలేదు. ఉన్నదానికే సరుకు చేరవేసి పెంచుతుంది, అది పెరిగి చీలుతుంది.

సరుకుకు దారి ఎలా తెలుస్తుంది? ప్రోటీన్ మొదట్లో ధనావేశమున్న చిన్న ముక్క చిరునామా చీటీలా పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో షాట్జ్ బృందం 1984లో ఆ చీటీని మైటోకాండ్రియాతో సంబంధమే లేని డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైముకు అతికిస్తే అదీ లోపలికి పోయింది. 1986లో అదే ప్రోటీనుకు మెథోట్రెక్సేట్ కలిపారు. ఆ మందు ఎంజైమును గట్టిగా పట్టుకుని మడత విడనివ్వదు. అంతే, ప్రోటీను గడప దగ్గరే ఆగిపోయింది. మడత విప్పుకుంటేనే ప్రవేశమని అలా తేలింది. ఇంత తేటైన ప్రయోగాలు జీవశాస్త్రంలో అరుదు.

బల్ల మీద ఈ పనికి ఓపిక కావాలి. గ్లూకోజులో పెంచిన ఈస్టులో మైటోకాండ్రియా తగ్గుతాయి కాబట్టి లాక్టేటులో పెంచాలి. కణకవచాన్ని ఎంజైముతో కరిగించేటప్పుడు 1.2 మోలార్ గాఢతలో సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం, కణాల్ని నలిపేటప్పుడు 0.6 మోలార్ ఉండాలి. ద్రావణం మరీ పలచనైతే మైటోకాండ్రియా ఉబ్బి పగులుతాయి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 1,500 జి (గురుత్వానికి 1,500 రెట్లు) దగ్గర తిప్పి చెత్తను దించి, పైతేటను 12,000 జి దగ్గర తిప్పితే మైటోకాండ్రియా అడుగుకు చేరతాయి. నలపడం మొదలు ఇక్కడి దాకా అంతా ఐసు మీదే. ఈ మైటోకాండ్రియాకు ప్రోటీను కలిపి దిగుమతి చూసేటప్పుడు, చివర్లో ప్రోటీన్లను తినేసే ఎంజైము ప్రోటీయేజ్ వేయకపోతే పైన అంటుకున్న ప్రోటీను కూడా లోపలికి వెళ్లినట్టే కనిపిస్తుంది. వాలినోమైసిన్ కలిపిన గొట్టం పక్కనే ఉండాలి. అది లోపలి పొర విద్యుత్ పీడనాన్ని తీసేస్తుంది, ఆ పీడనం లేనిదే ప్రోటీను లోపలికి పోదు. అందులోనూ ప్రోటీను లోపలికి పోయినట్టు కనిపిస్తే ఫలితాన్ని నమ్మకూడదు.

1999లో ఈ ఈస్ట్ పని మనిషి జబ్బును చేరింది. మగపిల్లలకు చిన్నతనంలోనే వినికిడి పోయి, తర్వాత కండరాలు బిగుసుకుపోయే ఒక వంశపారంపర్య వ్యాధి ఉంది. అందులో చెడే జన్యువు ముందే దొరికినా, దాని పనేమిటో తెలియలేదు. షాట్జ్ బృందం ఈస్టులో దాని బంధువు టిమ్8 అనే ప్రోటీనును గుర్తించి, అది ప్రోటీన్ల దిగుమతి యంత్రంలో భాగమని చూపింది. 1964లో ఈస్టును పట్టుకున్న రోజున ఈ పిల్లలు ఎవరి లెక్కలోనూ లేరు. ఆరు నెలల ప్రాజెక్టుకో అంశం, పీహెచ్‌డీకి ఇంకో అంశమని దూకే మన పద్ధతిలో ఇలాంటి ఫలితం రావడం కష్టం.

డిగ్రీ కాలేజీలో కూడా ఇలాంటి పని మొదలుపెట్టొచ్చు, మైటోకాండ్రియా చెడిన ఈస్టును వెతకడంతో. బేకరీ ఈస్టును పలచన చేసి, ప్లేటుకు సుమారు వంద కణాలు పడేలా గ్లూకోజ్ కలిపిన అగర్ జెల్లీ మీద పరిచి, 30 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచండి. పైన టెట్రజోలియం అనే రంగు మారే రసాయనం కలిపిన పలచటి అగర్ పోస్తే శ్వాసించే కాలనీలు ఎర్రబడతాయి. తెల్లగా మిగిలిన చిన్నవాటిని 3 శాతం గ్లిజరాల్ ప్లేటు మీద గీయండి. మైటోకాండ్రియా చెడినవి అక్కడ పెరగవు. గీసే ముందు శుద్ధ నీటిలో కడగాలి, లేకుంటే వెంట వచ్చిన గ్లూకోజుతో కొంత పెరిగి మోసం చేస్తాయి. మే నెలలో ఇంక్యుబేటర్ లేకుండా చేయొద్దు. తిరుపతి ఎండకు గది 40 డిగ్రీలకు చేరితే ఆ వేడే తెల్ల కాలనీల సంఖ్యను పెంచేస్తుంది.