ఆటోనగర్‌లో ఉన్న రాగి గని

మిర్చి తోటకు నీళ్లు పెట్టే మా మోటారు కాలిపోతే విజయవాడ ఆటోనగర్‌లో వైండింగ్ షాపుకు తీసుకెళ్లాను. వోల్టేజీ పడిపోతే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడికి తీగ మీది పూత మాడిపోతుంది. మేస్త్రీ నల్లబడ్డ చుట్టలను ఉలితో తెంపి, లాగి, నేల మీద కుప్పపోసి కాటా మీద పెట్టాడు. ఆ పాత రాగి విలువను కొత్త తీగ ఖరీదులో తగ్గించాడు. తగ్గించిన తరువాత కూడా బిల్లు గుండె గుభేలుమనేలా ఉంది.

“అల్యూమినియం వేయమంటారా? చవకగా అయిపోతుంది” అన్నాడు. వద్దన్నాను. ఒకే లావు తీగలు తీసుకుంటే అల్యూమినియం ప్రసరణ శక్తి రాగిలో 60 శాతం దగ్గరే ఆగిపోతుంది. అదే పని చేయించాలంటే తీగ లావు పెంచాలి, మోటారు లోపలి గాడుల్లో అంత చోటెక్కడిది? స్తంభాల మీద ఆ ఇబ్బంది లేదు కాబట్టి కరెంటు లైన్లు అల్యూమినియంతోనే నడుస్తున్నాయి. చోటు ఇరుకై, వేడి ఎక్కువైన ప్రతి చోటా రాగి కావలసి వస్తుంది. ఏసీ గొట్టాలు, ఇంటి గోడల్లోని వైర్లు, ఎలక్ట్రిక్ కారు అన్నీ ఆ కోవలోవే. మామూలు కారులో రాగి ఇరవై కిలోల పైచిలుకు ఉంటే, బ్యాటరీ కారులో సుమారు 80 కిలోలు. గిరాకీ ఎందుకు పెరుగుతోందో ఈ తేడాయే చెబుతుంది. లండన్ మార్కెట్‌లో టన్ను ధర 2024 మే నెలలో 11 వేల డాలర్లు దాటింది. ఆ సెగ ఆటోనగర్ కాటా దాకా వచ్చింది.

రాగి అంటే మనకు చెంబూ బిందే గుర్తొస్తాయి. గుంటూరు రైతుకు మాత్రం అది స్ప్రేయర్ డబ్బాలోనూ ఉంటుంది. మిర్చి ఆకుమచ్చకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్, నిమ్మ చెట్ల మొదళ్లకు సున్నంతో కలిపి పూసే మైలుతుత్తం రాగి లవణాలే.

ఇక మన దేశం సంగతి. ఖేత్రి, మలాంజ్‌ఖండ్, ఘాట్‌శిల ప్రాంతాల్లో తవ్వే ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ కాపర్ ఏటా ఇచ్చే ఖనిజంలోని లోహం 30 వేల టన్నులకు లోపే. గుజరాత్‌లోని ముంద్రా దగ్గర కట్టిన కొత్త రాగి శుద్ధి కర్మాగారం సామర్థ్యం ఏటా 5 లక్షల టన్నులు. అంటే కొలిమి మనది, ఖనిజం చిలీదో పెరూదో. తమిళనాడులోని తూత్తుకుడి రాగి కర్మాగారం 2018లో మూతపడ్డాక శుద్ధి చేసిన రాగిని కూడా దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఆ మూత వెనుక కాలుష్యంపై జనం కోపం ఉంది, పోలీసు కాల్పుల్లో పోయిన పదమూడు ప్రాణాలు ఉన్నాయి. కొలిమి పెట్టగానే స్వావలంబన వచ్చేసిందని చాటుకోవడం నా దృష్టిలో తొందరపాటు.

గనులు మన దగ్గర లేవా అంటే, వినుకొండ పక్కన అగ్నిగుండాల ఉంది. ఒకప్పటి గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు. అక్కడి కొండల్లో రాగి, సీసం ఉన్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు దశాబ్దాల క్రితమే తేల్చారు. బండ్లమోటులో సీసం కొన్నాళ్లు తవ్వారు కూడా, తరువాత ఆపేశారు. ఇప్పటి ధరలకు మళ్లీ లెక్క వేసి చూడాల్సిందే. అయితే అసలే నీటికి కటకటలాడే నేల అది. ఇప్పుడు ప్రపంచంలో తవ్వే చాలా ఖనిజంలో రాగి ఒక శాతం కూడా ఉండదు. టన్ను రాయి పిండి చేస్తే పది కిలోలు దక్కడం కష్టం, మిగిలినదంతా బురదై ఎక్కడో ఒకచోట పడాలి. ఎక్కడ పడుతుందో ముందే చెప్పకుండా ‘గని తెస్తాం’ అనే నాయకుణ్ణి నేను నమ్మను.

మేస్త్రీ కాటా మీద ఉన్న నల్ల తీగ మాత్రం దాదాపు అంతా రాగే. ఎన్నిసార్లు కరిగించినా గుణం పోని లోహం ఇది. పాత రాగితోనే అవసరమంతా తీరదు, నిజమే. ఇవాళ గోడలో పెట్టిన వైరు బయటికి రావడానికి పాతికేళ్లు పట్టవచ్చు. కానీ చేతికి వచ్చినదాన్నయినా పద్ధతిగా వాడుకుంటున్నామా? పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి, నూనె పారబోసి, చుట్టలు ఎత్తుకుపోయే దొంగలకు ధైర్యం ఎక్కడిది? బిల్లు అడగకుండా కొనే వాడు ఉన్నాడు కాబట్టే. ట్రాన్స్‌ఫార్మర్ పోయిన రైతు పైరు ఎండుతుంది, ఆ రాగి మాత్రం వారం తిరక్కుండా కొత్త తీగలో కలిసిపోతుంది. పాత రాగి కొనుగోలుకు అమ్మిన వాడి వివరాలతో రసీదు తప్పనిసరి చేయడానికి కొత్త గని అక్కర్లేదు, పోలీసులూ పన్నుల శాఖా కలిసి కూర్చుంటే చాలు. వైరు తోలు ఒలిచే చిన్న యంత్రాలకు రాయితీ ఇవ్వడం కూడా పెద్ద ఖర్చేమీ కాదు.

మోటారు ఆటోలోకి ఎక్కించేసరికి చీకటి పడింది. నాలుగు షాపుల అవతల ఖాళీ స్థలంలో ఇద్దరు కుర్రాళ్లు పాత వైర్ల కుప్పకు నిప్పు పెట్టారు. తోలు కాలిపోతే లోపలి రాగి తేలిగ్గా వస్తుందని. మంట అంచులు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. పొగ ఘాటుకు ఆటో డ్రైవరు తువ్వాలు ముక్కుకు చుట్టుకున్నాడు, ఆ కుర్రాళ్ల ముఖాలకు ఏమీ లేదు.