విశ్రాంతి పేరుతో పెద్దవాళ్లను కూర్చోబెడుతున్నాం

"రోజూ కాసేపు నడవండి" అని డాక్టర్ చెబితే అనంతపురం పల్లెల్లో పెద్దవాళ్ల జవాబు దాదాపు ఒకటే: "ఇన్నేండ్లు చేన్లో తిరిగింది చాల్లేదా?" పిల్లలు దీన్ని బద్ధకం అనుకుంటారు. నాకు మాత్రం ఆ ప్రశ్న సబబుగానే తోస్తుంది. విత్తనం వేసింది మొదలు అక్టోబర్, నవంబర్లలో శెనక్కాయ చెట్లు పీకి కాయలు కోసేదాకా నడుము వంచి బతికిన మనిషికి ఒళ్లు వంచడమంటే పని. పని చేస్తే కూలైనా రావాలి, పంటైనా రావాలి. ఏమీ రాకుండా ఊరి చుట్టూ తిరిగి ఇంటికి చేరడం ఆ లెక్కలో పిచ్చిపని.

పైగా మన దగ్గర పెద్దరికం అంటే కూర్చోవడం. కొడుకు బెంగళూరులో ఉద్యోగంలో కుదురుకోగానే అనే మాట, "ఇంక నువ్వేం చేయొద్దు నాయనా, కూర్చొని తిను." ప్రేమతో అనేదే. అత్త పొరక పట్టుకుంటే కోడలిని నలుగురూ ఆడిపోసుకుంటారు కాబట్టి పొరక చేతిలోంచి లాగేస్తారు, బిందె లాగేస్తారు. పింఛన్ కూడా ఒకటో తారీఖున ఇంటికే వస్తుంది. నడవలేని వాళ్లకు అది పెద్ద మేలు, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ లేవాల్సిన అవసరాలన్నీ ఒక్కొక్కటిగా తీసేసి, ఆ తర్వాత "వాకింగ్ ఎందుకు చేయట్లేదు" అని ఫోన్లో కోప్పడితే వాళ్లేం చెబుతారు?

రెండో అడ్డంకి మోకాళ్లు. "గుజ్జు అరిగిపోయింది, ఇంక నడిస్తే ఇంకా అరుగుతుంది" అనే మాట వినని ఇల్లు ఉండదు. మోకాలు బండి టైరు లాంటిదని, ఎంత తక్కువ తిప్పితే అంత ఎక్కువ కాలం వస్తుందని నమ్మకం. నిజానికి మనం గుజ్జు అనే, కీలు మధ్య ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు లోపలి ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. తొడ కండరం బలంగా ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది. అందుకే మోకాళ్ల అరుగుదలకు చేసే వైద్యంలో వ్యాయామం ముందు వరసలో ఉంటుంది. జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు బిగుసుకుపోయిన వాళ్ల సంగతి మాత్రం వేరు, వాళ్లు డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి.

కూర్చోబెట్టడం వల్ల జరిగే నష్టం మనం అనుకునేదానికన్నా త్వరగా వస్తుంది. 2007లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గింది. జ్వరమొచ్చి వారం పడుకున్న అవ్వ ఆ తర్వాత గోడ పట్టుకుని నడవడం మనం చూస్తూనే ఉన్నాం. దానికి "వయసు" అని పేరు పెట్టేస్తాం.

మరి పోయిన బలం తిరిగొస్తుందా? వస్తుంది. 1990లో అమెరికాలోనే ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్లకు అటూఇటూ ఉన్న పది మందితో కాళ్లతో బరువులు ఎత్తించే ప్రయోగం మొదలుపెట్టారు. ఎనిమిది వారాల్లో తొడల బలం సగటున రెట్టింపు దాటింది. చిన్న ప్రయోగమే కానీ, "ఈ వయసులో ఇంకేం లాభం" అనే మాటకు గట్టి జవాబు. 2014లో వచ్చిన మరో అధ్యయనం చాలా పెద్దది. 70 నుంచి 89 ఏళ్ల వాళ్లు 1,635 మందిని రెండున్నరేళ్లకు పైగా గమనించారు. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న వాళ్లలో 35 శాతానికి పైగా 400 మీటర్లు నడవలేని స్థితికి వచ్చారు. వ్యాయామం చేసిన వాళ్లలో అది 30 శాతం. అద్భుతమేమీ కాదు. కానీ 400 మీటర్లు అంటే పల్లెలో బస్టాండు దాకా, గుడి దాకా సొంతంగా వెళ్లిరాగలగడం.

మనం "వ్యాయామం" అనగానే వాకింగ్ ఒక్కటే అనుకోవడం కూడా ఇబ్బందే. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడిచే రిటైర్డ్ ఉద్యోగులకు అది బాగానే కుదురుతుంది. సందులో కుక్కలు, తెరిచి ఉన్న కాలువలు, ఏప్రిల్‌లో ఎనిమిదింటికే చుర్రుమనే ఎండ ఉన్న చోట అది అంత తేలిక కాదు. ఆడవాళ్లకైతే ఇంకో బాధ: "ముసలామె బూట్లేసుకుని యాడికి పోతాంది?" ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి శ్రమతో పాటు, వారంలో రెండు రోజులు కండరాల బలానికి, 65 దాటిన వాళ్లు మూడు రోజులు తూలి పడకుండా నిలదొక్కుకోవడానికి కసరత్తు చేయాలంటుంది. ఈ రెండో భాగం మన దగ్గర ఎవరూ చెప్పరు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం ఇంట్లోనే అవుతాయి, చూసే వాళ్లూ ఉండరు. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవాళ్లు ముందు పరీక్ష చేయించుకోవాలి.

ఊళ్లో హెల్త్ క్లినిక్‌లో బీపీ, షుగర్ చూస్తారు, కాళ్ల బలం చూడరు. దానికి ఒక కుర్చీ, ఫోన్లో గడియారం చాలు. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టాలి. 65–69 ఏళ్ల మగవాళ్లు 12 కన్నా, ఆడవాళ్లు 11 కన్నా తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. ఆశా కార్యకర్త చేయగలిగిన పనే ఇది. పండక్కి ఊరొచ్చిన కొడుకు కూడా చేయించొచ్చు.