అయిదు రూపాయల బిళ్ళంత సందు

వదులుగా ఉన్న వస్తువంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదు. తలుపు మర ఆడుతుంటే అగ్గిపుల్ల దోపుతాను, కుళాయి కారితే గుడ్డపీలిక చుడతాను. మంచం కోడు కిర్రుమంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. నేను సుత్తి పట్టుకుని లేచానంటే మా ఆవిడకి పట్టదు.

అలాంటి నా కంట్లో మొన్న మార్గశిరంలో మా బండి క్లచ్ పడింది. బండంటే స్ప్లెండర్. ట్యాంకు మీద హీరో, హోండా రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. 2010 డిసెంబరులో ఆ కంపెనీలు రెండూ విడిపోదామని తేల్చుకుని ఎవరి దారిన అవి వెళ్ళిపోయాయి గానీ, మా వరండాలో మాత్రం ఇంకా కాపురం చేస్తున్నాయి.

క్లచ్ లివర్ నొక్కితే మొదట ఒక సెంటీమీటరు మేర ఊరికే వచ్చేస్తోంది. బరువు లేదు, బాధ్యత లేదు. ఆ తర్వాతే వైరు పట్టుకుంటోంది. ఆ సెంటీమీటరు నాకు జీతం తీసుకుని పనిచెయ్యని ఉద్యోగిలా కనబడింది.

ఆదివారం మధ్యాహ్నం పేపరు పరిచి, పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏవండీ, రేపు పొద్దున్నే కొవ్వూరు వెళ్ళాలి. చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షను. ఇప్పుడా ముహూర్తం? సందు చివర మెకానిక్ ఉన్నాడు కదా" అంది మా ఆవిడ.

"వాడు యాభై తీసుకుంటాడు."

"మీరెంత తీసుకుంటారోననే నా భయం."

బిగించడం కన్నా ముందు వైరుకి నూనె పట్టించాలని నా ప్లాను. అందుకు వైరుని లివర్ నుంచి ఊడదియ్యాలి. ఇక్కడో తిరకాసుంది. లివర్‌కో గాడి, వైరు బిగువు మార్చే అడ్జస్టర్ మరకో గాడి, ఆ మర కదలకుండా పట్టే లాక్ రింగుకో గాడి. మూడూ ఒకే వరసలోకి వస్తే తప్ప వైరు చివరి గుండు బయటికి రాదు. రెండు కుదిరేసరికి మూడోది పక్కకి తిరుగుతుంది. మా వైపు బంధువులందర్నీ ఒకే ఫొటోలో నిలబెట్టడం లాంటిదే ఇది. అరగంట పట్టింది. గుండు ఊడి వచ్చినప్పుడు నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి. ఎండ కూడా ఉందనుకోండి.

మా ఆవిడ కుట్టుమిషన్ నూనె డబ్బా అడుక్కంటింది. బాత్రూములో కొబ్బరినూనె సీసా నిండుగా కనబడింది. నూనె నూనే కదా! వైరుని కిటికీ ఊచకి వేలాడదీసి, పై కొసకి కాగితం గొట్టం చుట్టి, చుక్కచుక్కగా పోశాను. పది నిమిషాలకి కింది కొసన ఒక తేట చుక్క మెరిసింది. ఆ చుక్కని చూడమని ఇంటిల్లిపాదినీ పిలిచాను. ఎవరూ రాలేదు.

తర్వాత బిగింపు. దీని తర్కం ఎవరు కనిపెట్టారో గానీ, అడ్జస్టర్ మరని ఊడదీస్తున్నట్టు బయటికి తిప్పితే వైరు బిగుస్తుంది, లోపలికి బిగిస్తే వదులవుతుంది. మర బయటికి వచ్చేకొద్దీ వైరు మీదున్న తొడుగుని అవతలికి నెడుతుంది, దాంతో లోపలి తీగ చాలకుండా పోతుంది. ఇది తెలియక మొదటి పావుగంట నేను బిగించిందంతా వదులు చేశాను. కింద ఇంజన్ దగ్గర ఉండే నట్టుకి సరిపోయే పానా మా ఇంట్లో లేదు. కటింగ్ ప్లేయరుతో పట్టుకుని తిప్పాను. ఆరు మూలల నట్టు కాస్తా జంతిక అంచులా గుండ్రంగా తేలింది. అయినా పట్టు వదల్లేదు. చివరికి ఆ పనిలేని సెంటీమీటరు పూర్తిగా మాయమైంది. వేలు ఆనిస్తే చాలు, లివర్ పలుకుతోంది. వైరు వీణ తీగలా నిలబడింది.

ఎండలో వీధిలో రెండు చక్కర్లు కొట్టొచ్చాను. వెన్నలా ఉంది. యాభై రూపాయలు మిగిలాయని చెబితే మా ఆవిడ "పేపరు కింద నూనె తుడవండి" అంది.

మర్నాడు తెల్లవారుజామున చలి. నాలుగు నీళ్ళు పోసుకుని వచ్చేసరికి లోపల్నుంచి, "ఏవండీ, సీసాలో నూనె గడ్డకట్టింది, కాస్త వేడినీళ్ళలో పెట్టండి" అని వినబడింది. పెట్టాను. కరిగింది. ఇచ్చాను. సీసాలో గడ్డకట్టిన నూనె వైరులో మాత్రం ఎందుకు ఊరుకుంటుందన్న ఆలోచన నాకు ఆ క్షణంలో రాలేదు. వస్తే ఈ వ్యాసం ఉండేది కాదు.

లివర్ నొక్కితే నొక్కుకోదు. నొక్కాక వదిలితే, అత్తారింట్లో అలిగిన కొత్తల్లుడు భోజనానికి లేచినట్టు మెల్లిగా, బెట్టుగా వెనక్కి వస్తోంది. "కొత్తగా బిగించింది కదా, సర్దుకుంటుంది" అన్నాను. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కింది.

రాజమండ్రి నుంచి కొవ్వూరుకి 1974లో వచ్చిన రోడ్ కం రైలు వంతెన. కింద రైలు, పైన రోడ్డు. రైలు నెత్తిమీదకి ఎక్కాలి గనక రోడ్డు ముందు బాగా ఏటవాలుగా లేస్తుంది. అక్కడ మొదలైంది. యాక్సిలేటరు ఇస్తే ఇంజన్ మాత్రం విమానంలా అరుస్తోంది, బండి ఊరేగింపులా నడుస్తోంది. మూడో గేరు, రెండో గేరు, అరుపు పెరగడమే గానీ అడుగు పడ్డం లేదు. క్యాన్లు వేలాడదీసుకున్న పాలాయన సైకిలు మీద మమ్మల్ని దాటుతూ, జాలిగా వెనక్కి తిరిగి చూశాడు.

అంతలో వాసన.

"ఏవండీ, ఏదో మాడుతోంది."

నాకు తెలుసు, క్లచ్ ప్లేట్లు. నోరు విప్పలేదు.

"అయ్యో రామా, పొయ్యి మీద పాలు! కట్టేశానా? కట్టెయ్యలేదా?"

ఇంటికీ వంతెనకీ మధ్య ఎంత దూరముందో, అంత దూరం పాల వాసన ఎలా వస్తుందో అడగాల్సిన మనిషిని నేను. అడిగితే అసలు వాసన సంగతి చెప్పాలి. అందుకని "ఫోన్ చెయ్యి, పక్కింటి పిన్నిగారి దగ్గర తాళం ఉందిగా" అన్నాను. బండి పక్కకి ఆపాం. పిన్నిగారు పాపం మోకాళ్ళ నొప్పులతో వెళ్ళి తాళం తీసి చూసి, "పొయ్యి కట్టేసే ఉందమ్మా, వరండా అంతా నూనె మాత్రం ఎవరు ఒలకబోశారు? పడబోయాను" అంది. ఫోను స్పీకర్లో ఉంది.

పైకెక్కాక రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది గనక ఆ మిగతా దూరమంతా ఎలాగో దేకాం. అవతల దిగుడులో న్యూట్రల్ చేసి వదిలేస్తే సరిగ్గా ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆగింది. నేను ఆపలేదు.

కుర్రాడు లివర్‌ని ఒక్క వేలితో తాకి చూశాడు. "ఎవరు చేశారండీ ఇది?"

"అక్కడ, మా ఊళ్ళో ఒకాయన" అన్నాను. మా ఆవిడ గోదావరి వైపు తిరిగింది.

"ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి మాస్టారూ."

"ఎలా కుదురుతుంది బాబూ, ఒకే ఇల్లు" అంది ఆవిడ, తల తిప్పకుండానే.

వైరు ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "దీనికి జడేస్తారాండీ?" అని అడిగి, ఆ గడ్డంతా కిరసనాయిలుతో కడిగాడు, ఇంజనాయిలు పోశాడు. పోస్తూ చెప్పాడు: "ఇంజను బలాన్ని చక్రానికి అందించే ప్లేట్లన్నీ లోపల స్ప్రింగులు అదిమి పట్టుకుంటాయండి. మీరు ప్లే, అంటే వైరుకి ఉండాల్సిన ఆ కాస్త వదులు, అనేదే లేకుండా లాగేశారు. మీరు చెయ్యి తీసేసినా, ఇంకా క్లచ్ పట్టుకునే ఉన్నారనుకుంటాది బండి. జారిపోదా మరి?"

తర్వాత చెయ్యి చాపాడు. "అయిదు రూపాయల బిళ్ళ ఉందాండీ?"

ఇంత పనికి అయిదు రూపాయలా! కొవ్వూరులో ఇంకా ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోందని మురిసిపోతూ ఇచ్చాను. అతను దాన్ని జేబులో వేసుకోలేదు. లివర్ మొదట్లో, అది హ్యాండిల్ బ్రాకెట్‌ని ఆనుకునే చోట నిలువుగా దూర్చాడు. బిళ్ళ పట్టీ పట్టనట్టు నిలిచేదాకా అడ్జస్టర్ తిప్పి, లాక్ రింగు బిగించి, బిళ్ళ లాగేశాడు. "ఈ సందు ఉండాల్సిందేనండి. కొస దగ్గరికొచ్చేసరికి పది, పదిహేను మిల్లీమీటర్లవుద్ది. ఇది మీ దగ్గరే ఉంచుకోండి. మళ్ళీ మీ ఊళ్ళో ఆయన చేస్తానంటే ఇవ్వండి."

కొత్త నట్టుతో కలిపి నూటయాభై తీసుకున్నాడు. ఫంక్షనులో మేం వెళ్ళేసరికి అక్షింతలు అయిపోయి ఇడ్లీలు నడుస్తున్నాయి. ఇడ్లీలు బాగున్నాయి.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో బండి హాయిగా ఎక్కింది. వంతెన మధ్యకి వచ్చేసరికి మా ఆవిడ భుజం తట్టింది, "కాస్త ఆపండి, చిల్లరుందా?" అంటూ. గోదావరి దాటుతూ ఉత్త చేతుల్తో దణ్ణం పెట్టే అలవాటు ఆవిడకి లేదు. నేను హ్యాండిల్ వదల్లేక "జేబులో చూడు" అన్నాను. ఆవిడ నా చొక్కా జేబులో వేళ్ళు పెట్టి ఏదో తీసి, కళ్ళు మూసుకుని, మామూలు కన్నా కాస్త ఎక్కువసేపే మొక్కుకుని, నీళ్ళలోకి విసిరేసింది.

"ఏం వేశావ్?"

"పై జేబులో విడిగా దాచుకున్నారుగా, ఆ బిళ్ళే" అంది.