నమ్మకం ఖర్చు ఎవరిది?

2013 ఆగస్టు 19న ఒడిశాలోని మన రాయగడ జిల్లా జరపాలో పన్నెండో గ్రామసభ జరిగింది. బాక్సైట్ కోసం నియమగిరి కొండను కంపెనీ తవ్వడానికి వీల్లేదని అంతకుముందు 11 ఊళ్లు చెప్పిన మాటే జరపా కూడా చెప్పింది. మర్నాడు పొద్దున్నే పుణెలో నడకకు వెళ్లిన హేతువాది నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపారు. కొండను దేవుడన్నవాళ్లు గెలిచారు. బాబాల బండారం బయటపెట్టినాయన ప్రాణం పోగొట్టుకున్నాడు. వీళ్లది ఎదురెదురు పక్షమనుకుంటారు చాలామంది. మేమలా అనుకోవడం లేదు.

ఆ కొండ దేవుడు నియమరాజు ఉన్నాడా లేడా అని సుప్రీంకోర్టు అడగలేదు. తవ్వకం మీ పూజకు, మీ హక్కులకు దెబ్బవుతుందా, మీరే తేల్చండని ఆ ఏడాది ఏప్రిల్ 18న గ్రామసభలకు వదిలింది. ‘బాక్సైట్ తీస్తే ఉద్యోగాలొస్తాయి, మూఢనమ్మకం కోసం ఆపేస్తారా’ అని పట్నంలో మనవాళ్లే విసుక్కున్నారు. విసుక్కున్నవాళ్లలో కొత్త లారీ కొంటే మజ్జిగౌరి అమ్మవారి దగ్గర ఆపి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించనిదే గేరు వేయనివాళ్లున్నారు. (మా ఆఫీసు వ్యానూ అలాగే బయల్దేరింది, దాచడమెందుకు.)

నిమ్మకాయ మహిమ నిజమా అని వాదించుకుంటే తెల్లారదు. దాని డబ్బులు ఎవరి జేబులోంచి పోయాయో మాత్రం ఇట్టే తెలుస్తుంది. నియమగిరి మీద బతికే ఆదివాసులు డోంగ్రియా కొంధులు తమ నమ్మకానికి తామే ఖర్చు పెట్టుకున్నారు. వస్తాయన్న ఉద్యోగాలూ డబ్బూ అక్కర్లేదన్నారు.

చిల్లంగి, అంటే చేతబడి, సంగతి వేరు. వానాకాలం జ్వరాలకు ఊళ్లో ఇద్దరు పిల్లలు పోతే వేలు ఎటు తిరుగుతుందో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరి చివర ఒంటరి ముసలమ్మ. మగదిక్కు లేదు, అరెకరం పల్లం భూమి మాత్రం ఉంది. ఆవిడే చేసిందని నమ్మినవాళ్లకు పైసా ఖర్చు లేదు, భూమి కలిసొచ్చినా రావచ్చు. మంత్రం పలక్కుండా పళ్లు ఊడగొట్టేది ఆవిడకి.

‘అది మతం కాదు, మూర్ఖత్వం’ అని భక్తులు చేతులు దులుపుకుంటే మేం ఒప్పుకోం. ఆవిడ పేరు చెప్పిన గుణియా (ఊరి భూతవైద్యుడు) కూడా దేవుణ్ని అడిగే చెప్పానంటాడు. హేతువాదులతోనూ మాకు పేచీ ఉంది. జీపులో వచ్చి, నోట్లో కర్పూరం వెలిగించి చూపించి, అంతా బూటకమని చెప్పి సాయంత్రానికి వెళ్లిపోతే, రాత్రి బిడ్డకు జ్వరమొచ్చిన తల్లి ఎవరి దగ్గరికి వెళ్లాలి? గుణియా ఇల్లు పక్క వీధిలోనే ఉంటుంది. రక్తపరీక్ష కిట్టుతో ఆశా కార్యకర్త అంతకన్నా దగ్గర్లో ఉంటే సగం చిల్లంగి అక్కడే పోతుంది.

చట్టాలకు కొదవ లేదు. మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడాన్ని నేరం చేస్తూ ఒడిశా 2013లోనే చట్టం తెచ్చింది. దాభోల్కర్ ఏళ్ల తరబడి అడిగినా మహారాష్ట్రలో రాని చట్టం, ఆయన పోయిన వారంలోపే ఆర్డినెన్సుగా వచ్చింది, డిసెంబరులో అసెంబ్లీ దాటింది. కానీ దెబ్బలు పడ్డాకే పోలీసు జీపు వస్తుంది. ముసలమ్మ పేరు వీధిలో వినబడిన రోజే కబురు వెళ్లాలి. ఆ కబురు వార్డు మెంబరు, సర్పంచి, బడి పంతులు చెప్పాలి. ఊళ్లో మాట పడతామని ఊరుకుంటున్నారు.

అందుకే వానలకు ముందు జరిగే గ్రామసభల్లో ఇంకో తీర్మానం పెట్టమని అడుగుతున్నాం. కంపెనీకి కాదని చెప్పగలిగిన సభలివి. మా ఊళ్లో ఏ ఆడమనిషి మీదా చిల్లంగి పేరుతో చెయ్యి పడనివ్వబోమని రాసి, అందరూ వేలిముద్రలు వేయాలి. గుణియాది కూడా.